పీఠికలో పేరు లేని పనివారు

గడచిన వేసవిలో మన సంఘపు కుటుంబాలలోని ఒక అమ్మాయి మా కార్యాలయానికి వచ్చినది. వారి పూర్వులు ఈ తమిళదేశానికి వచ్చి ఎన్ని తరాలైనదో ఇంటిలో ఎవరికీ లెక్క తెలియదు. ఇంటిలో మాట తెలుగు, బడిలో చదువు తమిళము. చరిత్రలో ఎం.ఏ. చదువుతూ ఉండగా ఆమెకు ఒక ఆచార్యుని వద్ద పరిశోధన సహాయకురాలి పని దొరికినది. పాత తెలుగు వ్రాతప్రతులకు పట్టిక తయారుచేయడమే ఆ పని. "తెలుగు వచ్చునా?" అని వారు అడిగినారు, "వచ్చు" అని ఈమె చెప్పినది. మాటలాడుట వచ్చును గాని చదువుట రాదన్న సంగతి వారు అడుగలేదు, ఈమె చెప్పలేదు.

చిక్కు మొదటి దినముననే బయటపడినది. తాటాకుల మీద మాటకూ మాటకూ నడుమ ఎడము ఉండదు. పంక్తి అంతా ఒకే గొలుసు. అమ్మాయి ఇంటికి వచ్చి అవ్వ ప్రక్కన కూర్చుండి, మూడు నెలలు గుణింతాలు దిద్దినది. ఆపైన పని సాగినది.

ఒకనాడు ఆమె ఒక ప్రతిలో మాటల మధ్య మాటిమాటికీ ౯ అంకె వచ్చుచున్నదని వ్రాసుకొని, దీని అర్థమేమని అవ్వను అడిగినదట. అవ్వ కళ్లజోడు సవరించుకొని చూచి, "అది అంకె కాదే తల్లీ, వలపలగిలక! ధర్మము అనడానికి 'ధమ౯ము' అని వ్రాసేవారు. మా నాయన పుస్తకాలలో అంతా ఇదే" అన్నది. అవ్వ ఆనాడు ప్రక్కన లేకపోతే ఆ తప్పు అచ్చులోకి ఎక్కి, పుస్తకాన్ని నమ్మిన వారందరికీ తప్పుగానే చేరియుండును.

పట్టిక అచ్చయినది. ఆ ప్రతి పట్టుకొనియే ఆమె మా వద్దకు వచ్చినది. పీఠికలో అధికారులకు, అచ్చుకూటము వారికి కృతజ్ఞతలు ఉన్నవి. రెండేండ్లు కండ్లు కాయలు కాచేటట్లు చూచి వ్రాసిన ఈమె పేరు ఎక్కడా లేదు. "పెదనాన్నా, ఇటువంటి పని మళ్లీ ఒప్పుకోవలెనా, మానవలెనా?" అని మాత్రమే ఆమె అడిగినది. ఆ పూట మాకు వెంటనే జవాబు తోచలేదు. నిదానముగా ఆలోచించి ఇక్కడ చెప్పుచున్నాము.

ఈ బాధ ఈనాటిది కాదు. కర్నల్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫీయతులను మనము గొప్పగా చెప్పుకొందుము. ఊరూరా తిరిగి కరణాలను, పెద్దలను అడిగి, శాసనాలు చదివి ఆ రాశిని పోగుచేసిన వారిలో ముఖ్యులు ఏలూరికి చెందిన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించినాడు. మెకంజీ 1821లో గతించిన తరువాత, ఆ కాగితాల మీద పట్టిక 1828లో విల్సన్ పేర అచ్చయినది. మిగిలిన పనిని తాను సాగించెదనని లక్ష్మయ్య కోరినాడు గాని, కలకత్తా పండిత సభవారు అందుకు సమ్మతింపలేదు.

బ్రౌన్ దొర కథ కొంత మేలు. వేమన పద్యాలను 1829లోను, తెలుగు నిఘంటువును 1852లోను ఆయన వెలువరించిన మాట అందరికీ తెలిసినదే. కడప బంగళాలో జూలూరి అప్పయ్య మొదలైన పండితులకు తన చేతి సొమ్ముతో జీతాలిచ్చి, ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పాఠభేదాలు చూపించి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. దొర పేరు నిలిచినది; పండితులలో ఎందరి పేర్లు మనకు నోటికి వచ్చును?

అయినా ఆ పని వ్యర్థము కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన సర్వస్వ కృషిలో సహాయకులుగా పనిచేసిన మల్లంపల్లి సోమశేఖరశర్మ గారిని చూడుడు. విశ్వవిద్యాలయ పట్టము లేదు. ఆ సహాయపు పనియే ఆయనకు బడి. 1948లో ఆయన వ్రాసిన రెడ్డిరాజ్యాల చరిత్రను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించినది.

ఈనాడు పనిముట్లు మారినవి. ఆకులను ఛాయాచిత్రాలు తీసి కంప్యూటరు మీద చూచెదరు. పాటలను ఫోనులో రికార్డు చేసెదరు. కాని చదువవలసిన కన్ను, వినవలసిన చెవి మనిషివే. ప్రతి చివర లేఖకుడు "విభవ" అనో "శుక్ల" అనో సంవత్సరము వ్రాసి విడుచును. అరువదేండ్లకొకమారు అదే పేరు తిరిగివచ్చును. తిథి, వారము కలిపి లెక్కవేస్తే గాని అది ఏ కాలపుదో తేలదు. తంజావూరు సరస్వతీ మహలులోను, మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములోను ఉన్న తెలుగు ప్రతులకు ఇటువంటి ఓపిక గల చేతులు కావలెను. తమిళమూ తెలుగూ రెండూ తెలిసిన మన పిల్లలకంటె తగినవారెవరు?

కనుక విద్యార్థులకు మా మాట ఇది: పని ఒప్పుకొనండి. కాని ముందుగానే నాలుగు సంగతులు అడుగుడు: పని ఎంత, గంటలెన్ని, పారితోషికమెంత, పుస్తకములో పేరు ఎక్కడ వేయుదురు? అడుగుట అవినయము కాదు. ఏ దినము ఏమి చేసినారో ఒక నోటుబుక్కులో వ్రాసి ఉంచుకొనండి.

పెద్దలకు: అటకమీద తాటాకుల కట్ట ఉన్నచో తడిగుడ్డతో తుడువవద్దు, త్రాడు తెంచి ఆకుల వరుస చెరుపవద్దు. అది ఎవరిది, ఏ ఊరినుండి వచ్చినది, తెలిసినంత ఒక కాగితముమీద వ్రాసి కట్టతో ఉంచుడు. అన్నిటికంటె ముందు పిల్లలకు అక్షరాలు నేర్పుడు. అవ్వలు ఎల్లకాలము ప్రక్కన కూర్చుండరు.

మొన్న ఆ అమ్మాయి మరల వచ్చినది. పెండ్లిపాటలు సేకరించే వేరొక పనిలో చేరినదట. ఈసారి పేరు సంగతి ముందే అడిగి, కాగితముమీద వ్రాయించుకొన్నది. "నా పేరు ఒక్కటే కాదు పెదనాన్నా, పాడిన అవ్వల పేర్లు కూడ వేయవలెనని అడిగినాను" అన్నది. మేము ఆమెకు చెప్పవలసినది, ఆమెయే మాకు చెప్పి వెళ్లినది.