మీ అల్లుడు ఏం చేస్తున్నాడండీ?

పెళ్ళిపందిట్లో ఎవరైనా పరిచయం కాగానే "మీ అల్లుడు ఏం చేస్తున్నాడండీ?" అని అడగడం మనకి అలవాటు. "ఎలాటివాడండీ?" అని అడిగినవాళ్ళు మీకెప్పుడైనా తటస్థపడ్డారా? నాకు పడలేదు. నేనూ ఎవర్నీ అడగలేదనుకోండి!

ఒకప్పుడు డాక్టరు అల్లుడు, తరువాత బ్యాంకు ఆఫీసరు, ఆ పైన అమెరికా ఇంజనీరు. వేషం మారిందే గాని, నలుగురిలో చూపించుకునే సరదా మారలేదు. వెబ్లెన్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త 1899లోనే ఈ సంగతి రాశాడు. మగవాడి సంపదని అతని భార్య ఒంటిమీది బట్టలూ, ఆమె పనిచెయ్యకుండా కూర్చోగలగడమూ లోకానికి చాటుతాయన్నాడు. మన దగ్గర ఇది రెండువైపులా ఉంది. వాళ్ళకి పక్కన నిలబెట్టుకోవడానికి తెల్లటి, నాజూకైన పిల్ల కావాలి. మనకి చెప్పుకోవడానికి హోదాగల పిల్లాడు కావాలి.

గురజాడవారి 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలం ఎక్కిన రోజుల్లో ఆ నాటకంలోని ఇళ్ళల్లో వెల కట్టింది ఆడపిల్లకి. ఆ తరువాత వెల మగపిల్లాడి పక్షానికి మారింది. 1961 చట్టం ప్రకారం కట్నం పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. ఆ రెండోమాట మనం విననట్టే ఉంటాం.

అమెరికా సంబంధం సంగతి చూడండి. హెచ్-1బి వీసామీద వెళ్ళిన అబ్బాయి భార్యకి హెచ్-4 వీసా ఇస్తారు. దానితో 2015 దాకా ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఆ ఏడాదినుంచి కూడా, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంతదూరం నడిచినవాళ్ళకే అనుమతి దొరికింది. అలా ఎం.టెక్. చదివిన పిల్లలెందరో ఇంట్లోనే ఉండిపోయారు. మనం ఇక్కడ వాళ్ళ ఫొటోలు చూపించి మురిసిపోయాం.

ఊరివాళ్ళ మాటెందుకు, మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా రెండో అల్లుడుగారిది పేరున్న కంపెనీలో పెద్ద ఉద్యోగం. అది పోయింది. నాలుగు నెలలు మాకు తెలియనే తెలియదు. సంక్రాంతి పేరంటంలో నేను వచ్చినవాళ్ళందరికీ ఆ కంపెనీ పేరు చెబుతూనే ఉన్నాను. మా అమ్మాయి తలవంచుకుని ముత్తైదువుల కాళ్ళకి పసుపు రాస్తోంది. చివరికి తెలిశాక, "కన్నతల్లిని, నాతో చెప్పకూడదుటే?" అని నిష్ఠూరమాడాను. "నీకు నలుగురిలో చిన్నతనమౌతుందని ఆయనే వద్దన్నారమ్మా" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆరేళ్ళై మా ఇంటికి వస్తూపోతూ ఉన్న మనిషి. జీతం అంకె తప్ప ఆయన గురించి నాకేం తెలుసు? పిల్ల జ్వరంతో పడుకుంటే ఆయనే జావ కాచిస్తాడనీ, పసివాణ్ణి రాత్రంతా భుజానేసుకుని తిరుగుతాడనీ అప్పుడు అడిగితే తెలిసింది.

మొన్న ఒక పెళ్ళిలో పక్కావిడ మామూలు ప్రశ్నే వేసింది. "మా అమ్మాయికి జ్వరమొస్తే జావ కాచిస్తాడండీ" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "అది కాదండీ, ఉద్యోగం?" అంది.