పాటా... మోతా?

నిలువెత్తు టవర్ స్పీకర్లున్నా పాడేవాళ్ల గొంతు సరిగ్గా వినిపించడం లేదా? కొత్తవి కొనేముందు ఉన్నవాటిని కాస్త జరిపి చూడండి.

హాల్లో టీవీకి అటొకటి ఇటొకటి టవర్ స్పీకర్లు. ప్లే నొక్కితే కిటికీ అద్దాలు అదురుతాయి. తబలా గుండెల్లో మోగుతుంది. గొంతు మాత్రం పక్కగదిలోంచి వస్తున్నట్టుంటుంది. మా ఇంట్లో ఇదే జరిగింది. స్పీకర్లు కొన్న నెలకే నాన్న అటకమీది టూ-ఇన్-వన్ దింపించారు. 'దీంట్లో ఘంటసాల పాడుతున్నాడు. దాంట్లో ఎవరో డప్పు కొడుతున్నార్రా' అన్నారు. షాపులో అడిగితే 'ఆంప్లిఫయర్ మార్చండి సార్' అని సలహా. చివరికి పైసా ఖర్చులేకుండానే పనైంది!

గొంతు ఎక్కడుంది?

మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. కానీ గొంతు, వేణువు, వయొలిన్... వీటి ప్రాణమంతా చాలావరకూ 300 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. అదే మిడ్‌రేంజ్. పాత ల్యాండ్‌లైన్ ఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. అయినా 'హలో' అనగానే అవతల పెద్దమ్మో పిన్నో తెలిసిపోయేది కదా! నాన్న టూ-ఇన్-వన్ గెలిచిందీ అందుకే. ఆ చిన్న డబ్బాకి బేస్ చేతకాదు, గొంతొక్కటే వచ్చు. టవర్లలోనూ గొంతుంది. కాకపోతే గట్టి బేస్ దాన్ని కప్పేస్తోంది.

ఆ బేస్ అంతా స్పీకరుదే అనుకుంటే పొరపాటు. సగం తప్పు గోడది. లోతు శబ్దాలు డబ్బా చుట్టూ పాకుతాయి. వెనక గోడ వాటిని తిప్పికొడుతుంది. ఒక్క గోడే 6 డెసిబెల్స్ దాకా పెంచగలదు. మూలకి నెడితే ఇంకా ఎక్కువ. అందుకే వీలైతే రెండడుగులు ముందుకి లాగండి. 'నడిచే దారికి అడ్డం' అని మా అమ్మ ఒప్పుకోలేదు. అడుగున్నర దగ్గర రాజీ కుదిరింది.

రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో, వాటికీ మీకూ మధ్య ఇంచుమించు అంతే ఉండాలి. పైనుండే చిన్న ట్వీటర్, కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తుకి రావాలి. మావాడు దివాన్ మీద పడుకుని వింటూ 'స్పష్టంగా లేదు' అంటాడు, ఏం చేస్తాం! డబ్బాల ముఖాలు కొద్దిగా మీవైపు తిప్పితే మాటలు తేటపడతాయి.

తర్వాత గది. పాలరాయి నేల, నున్నటి గోడలు, అద్దాల తలుపులు... చూడ్డానికి బావుంటాయి, చెవికి మాత్రం పగ. గొంతు అన్నింటికీ తగిలి తిరిగొచ్చి అసలు పాటతో కలగాపులగం అవుతుంది. స్పీకర్లకీ మీకూ మధ్య ఓ మందపాటి జంపఖానా పరవండి. పక్క గోడకి కర్టెన్ వేయండి, లేదా పుస్తకాల బీరువా చేర్చండి. గాజు టీపాయ్ పక్కకి తీసేయండి.

మీట కూడా మోసమే

ఆంప్లిఫయర్ మీద 'లౌడ్‌నెస్' మీట ఉంటే ఆపేయండి. సౌండ్ తక్కువగా పెట్టుకున్నప్పుడు వాడమని ఇచ్చిందది. బేస్‌ని, చాలావాటిలో ట్రెబుల్‌ని కూడా, పెంచి మధ్యలో గొంతుని పల్చన చేస్తుంది. ఈక్వలైజర్‌లోనూ ముందు బేస్ తగ్గించి చూడండి, మిడ్ పెంచడం తర్వాత. వయసు మీదపడ్డవాళ్లకి పై శబ్దాలు ముందు తగ్గిపోతాయి. 'స', 'ష'లు తేలిపోతాయి. వాళ్లకోసం సౌండ్ పెంచితే మోతే పెరుగుతుంది.

స్పీకర్లు పాతవైతే వూఫర్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు చూడండి. పొడిపొడిగా రాలుతుంటే మెకానిక్‌కి చూపించాల్సిందే. లోపలి కెపాసిటర్లు కూడా ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తాయి. అది ఇంట్లో విప్పే పని కాదు.

ఇక నా ఘనకార్యం. డబ్బాలు జరిపేటప్పుడు ఊడిన తీగల్ని ఒకవైపు ఎరుపూ నలుపూ తిరగేసి బిగించాను. బేస్ పల్చబడింది, గొంతు గదంతా చెదిరిపోయింది. సరిచూడ్డానికి తేలిక మార్గం పాత మోనో పాట. రెండు డబ్బాల్లోనూ ఒకే శబ్దం వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా నడిమధ్యన నిలబడాలి. తీగలు మార్చి, ఘంటసాల పాట పెట్టి నాన్నని పిలిచాను. దివాన్ మీద కూర్చుని ఆయన కాసేపు విన్నారు.

'టీవీలోంచి పాడుతున్నాడేంట్రా? దాన్ని ఆపలేదా?'

టీవీ ఆపే ఉంది.