కెరటం రాసే జమాఖర్చు



సముద్రపు ఒడ్డంటే మనకి సరదా. పాదాలు తడుపుకుంటాం, పిల్లలు గవ్వలేరుకుంటారు, ఇసుకతో పిచ్చికగూళ్ళు కడతారు. ఆ ఒడ్డు ఊరి పొలిమేర రాయిలాగా ఎప్పటికీ ఒక్కచోటే ఉంటుందని మన నమ్మకం. కాని కాకినాడ పక్కనున్న ఉప్పాడ ఆడవాళ్ళని అడిగి చూడండి. జామ్‌దానీ చీరలకి పేరుపడ్డ ఊరది. అక్కడ ఇళ్ళూ, గుళ్ళూ, రోడ్డూ సముద్రంలో కలిసిపోతూ వచ్చాయి. అత్తగారు కాపరానికొచ్చిన ఇల్లు ఎక్కడుండేదో కోడలికి చూపించాలంటే నీళ్ళవైపు వేలు చూపించాలి.

ఇలాంటివి జరిగినప్పుడు గంగమ్మకి కోపం వచ్చిందంటాం. మొక్కులూ జాతర్లూ మన నమ్మకం, వాటిని కాదనడం లేదు. అయితే ఈ కోతకి ఒక లెక్క కూడా ఉంది. ఇంటి పద్దులు రాసుకునే మనకి ఆ లెక్క తేలిగ్గానే బోధపడుతుంది. ఒడ్డుకి ఇసుకే సొమ్ము. జమ ఎక్కువైతే ఒడ్డు పెరుగుతుంది, ఖర్చు ఎక్కువైతే తరుగుతుంది. అంతే.

ముందు కెరటం సంగతి చూద్దాం. కెరటాన్ని పుట్టించేది గాలి. దండెం మీద చీర ఆరేస్తే గాలికి ముడతలు ఈ కొసనించి ఆ కొసకి పరుగెడతాయి, చీర మాత్రం దండెం మీదే ఉంటుంది గదా! నడిసముద్రంలో నీరూ అంతే. కదిలి వచ్చేది గాలి ఇచ్చిన బలం. ఒడ్డు దగ్గర లోతు తగ్గగానే కెరటం అడుగుభాగం నేలకి తగిలి వెనకబడుతుంది, పైభాగం ముందుకి తూలి విరుచుకు పడుతుంది. ఆ బలమంతా అక్కడ ఖర్చవుతుంది.

మరి ఇసుక? కెరటం సాధారణంగా ఒడ్డుకి ఏటవాలుగా వస్తుంది, ఇసుకని కూడా ఏటవాలుగానే పైకి తోస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం నీరు పల్లానికి తిన్నగా జారుతుంది. ఇలా ఒక్కొక్క కెరటానికీ ఒక్కొక్క అడుగు చొప్పున ఇసుక ఒడ్డు వెంట నడుస్తుందన్నమాట. మన తూర్పు తీరాన నైరుతి గాలుల కాలంలో అది ఉత్తరంగా నడుస్తుంది, ఈశాన్య గాలుల కాలంలో కొంత దక్షిణానికి మళ్ళుతుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి వెళ్ళేదే ఎక్కువ.

ఆ ఇసుకని జమకట్టేవి నదులు. చేటలో ధాన్యం చెరిగితే గింజ దగ్గర పడి, పొట్టు దూరంగా పోతుంది. నది కూడా అలాగే చేస్తుంది. సముద్రం దగ్గరకొచ్చి వేగం తగ్గగానే బరువైన ఇసుకని ముందు దింపి, సన్నని ఒండ్రుని ఇంకా దూరం తీసుకుపోతుంది. ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలిన గోదావరి వేలాది ఏళ్ళుగా ఇలా దింపిన మట్టే మన కోనసీమ. పచ్చని కొబ్బరితోటలున్న ఆ నేల ఒకప్పుడు సముద్రం. ఇవాళ తీరానికి ఎంతో లోపలున్న కొల్లేరు కూడా ఒకనాటి ఉప్పుకయ్యే. అటు గోదావరీ, ఇటు కృష్ణా మేట వేసుకుంటూ ముందుకి జరగగా మధ్యన ఆ పల్లం సరస్సై మిగిలింది.

రాతి ఒడ్డు దగ్గర కథ వేరు. విశాఖపట్నంలో సముద్రంలోకి ముక్కులాగా పొడుచుకు వచ్చిన కొండని చాలామంది చూసే ఉంటారు. దాన్నే డాల్ఫిన్ నోస్ అంటారు. అలాంటి ముక్కుల మీద కెరటాల బలమంతా పోగవుతుంది. పగుళ్ళలో ఇరుక్కున్న గాలిని నీరు నొక్కుతుంది, ఉప్పు రాతిని పొడి చేస్తుంది, కొట్టుకొచ్చే గులకరాళ్ళు ఒరుసుకుపోతాయి. భీమిలి దారిలో మంగమారిపేట దగ్గరున్న రాతి తోరణం ఇలా మెత్తని భాగం పోయి గట్టి భాగం మిగలగా ఏర్పడ్డదే. ఆ దారిలోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. దాదాపు ఇరవై వేల ఏళ్ళ కిందట భూమ్మీద మంచు పేరుకుపోయి సముద్రమట్టం ఇప్పటికంటే నూరు మీటర్లకి పైగా దిగిపోయింది. నీరు దిగి బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తి పోగుచేసింది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబారింది. సినిమాల్లో పాటలు తీసే ఆ దిబ్బల వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇక ఖర్చు వైపు చూద్దాం. నడిచే ఇసుకకి అడ్డం కడితే ఏమవుతుందో మద్రాసు చూపించింది. 1870ల్లో అక్కడ రేవు కట్టడం మొదలుపెట్టాక, దక్షిణాన ఇసుక ఆగి మెరీనా బీచి వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక కోత పట్టుకుంది. విశాఖలోనూ రేవు గోడల దగ్గర ఆగిన ఇసుకని తవ్వి తీసి, రామకృష్ణా బీచికి పంపులతో పోయాల్సి వస్తోంది. ఒకరి వాటా ఆపి ఇంకొకరికి పెట్టినట్టే గదా!

ఉప్పాడ విషయంలో అడ్డం పడ్డది మనుషులు కట్టిన గోడ ఒక్కటే కాదు. గౌతమి తెచ్చిన ఇసుక సుమారు రెండు వందల ఏళ్ళలో ఉత్తరంగా సాగి సాగి, పదహారు కిలోమీటర్ల పైచిలుకు ఇసుకతిన్నె అయింది. దాన్నే హోప్ ఐలాండ్ అంటున్నాం. ఆ తిన్నె చాటున కాకినాడ రేవు నిబ్బరంగా ఉంది, కోరంగి మడ అడవులు పెరిగాయి. కాని ఇసుకంతా అక్కడే ఆగిపోతూంటే ఉత్తరాన ఉన్న ఉప్పాడకి వాటా తగ్గింది. దీనికి తోడు నదుల మీద ఆనకట్టలు పెరిగేసరికి ఇసుక చాలావరకు జలాశయాల అడుగునే ఉండిపోతోంది. ఆనకట్ట వద్దనలేం, మన కంచంలో అన్నం దానివల్లే. కాని ఆ లెక్క ఎక్కడో చెల్లించక తప్పడం లేదు. 1990 నుంచి 2018 దాకా తీసిన ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి, దేశపు తీరంలో సుమారు మూడోవంతు కోతపడిందని జాతీయ తీర పరిశోధన కేంద్రం తేల్చింది. సముద్రమట్టమూ పెరుగుతోంది.

ఉప్పాడలో బండరాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులు పరిచారు. అవీ దెబ్బతిన్నాయి. గోడ కెరటాన్ని కొంతకాలం ఆపగలదు గాని ఇసుకని పుట్టించలేదు. పైగా గోడకి కొట్టుకున్న నీరు దాని పాదంలోని ఇసుకనే లాక్కుపోతుంది. ఈ నష్టం ముందుగా తగిలేది ఆడవాళ్ళకే. చేపలు ఎండబెట్టుకునే జాగా పోతుంది, తాగేనీరు ఉప్పవుతుంది, మగ్గం గుంటలో నీరూరుతుంది. వేరేచోట ఇళ్ళిస్తామన్నప్పుడు ఆ చోటు ఒడ్డుకి ఎంత దూరం, మగ్గానికి జాగా ఉందా, చేపల గంప ఎలా మోసుకెళ్ళాలి అని అడగాల్సింది వాళ్ళే. గ్రామసభకి మగవాళ్ళని పంపి ఊరుకోకండి.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. ఒడ్డున ఊదాపూలతో పాకే తీగని పనికిరాని మొక్కని పీకేయకండి, గాలికి ఎగిరే ఇసుకని పట్టి దిబ్బకట్టేది అదే. తుఫానొచ్చినప్పుడు ఆ దిబ్బే ఒడ్డు దాచుకున్న సొమ్ము. కెరటం దాన్ని కోసి తీసుకెళ్ళి, ప్రశాంతంగా ఉన్న నెలల్లో చాలావరకు తిరిగి ఇస్తుంది. ఆ దిబ్బని చదునుచేసి ఇల్లు కడితే ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతుంది. ఒడ్డున ఇసుక తవ్వడాన్ని 1991 నాటి తీర నియంత్రణ ఉత్తర్వే నిషేధించింది. రాత్రిపూట బళ్ళమీద ఇసుక పోతూంటే ఊరంతా కలిసి అడగండి. వంటచెరుకు కోసం మడచెట్టు కొట్టబోయే ముందు, ఉప్పెన వచ్చిననాడు దాని వేళ్ళే నీటి జోరుని తగ్గిస్తాయని గుర్తుంచుకోండి. దివిసీమ 1977 నవంబరులో ఎంత నష్టపోయిందో మన పెద్దవాళ్ళు మరిచిపోలేదు.

సముద్రం ఇచ్చిందీ తీసుకున్నదీ ఏటేటా రాసుకుంటూనే ఉంటుంది. ఈసారి ఒడ్డుకి వెళ్ళినప్పుడు పిల్లలకి ఒక పుల్ల ఇచ్చి, నీళ్ళంచున తేలేసి, అది ఎటు కొట్టుకుపోతుందో చూడమనండి. మీ ఊరి ఇసుక ఆ రోజు ఎటు నడుస్తోందో వాళ్ళే చెబుతారు.