కమ్మరి కొడుకు గీసిన నేల పటం

బావి తవ్వే కూలీకి తెలుసు. పైన మట్టి, దాని కింద గరుసు, ఆ కింద రాయి. కాని ఒక దేశం మొత్తానికి నేల అడుగున ఏ రాయి ఉందో ఒక్క మనిషే తిరిగి చూసి పటం గీశారంటే నమ్మడం కష్టం. ఆయన ఇంగ్లండుకు చెందిన విలియం స్మిత్.

1769లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చర్చిల్ గ్రామంలో కమ్మరి ఇంట పుట్టారు. ఎనిమిదో ఏటనే తండ్రి పోయారు. సేద్యం చేసుకునే బంధువు సాకారు. చదువు ఊరి బడితోనే సరి. ఆ ఊళ్లో ఆడవాళ్లు వెన్న తూచడానికి గుండ్రని రాళ్లు వాడేవారు. అవి ఒకనాటి సముద్రజీవులు రాళ్లుగా మారినవే. కుర్రవాడి కన్ను వాటిపై పడింది.

పద్దెనిమిదో ఏట సర్వేయరు వద్ద సహాయకుడిగా చేరారు. తర్వాత సోమర్‌సెట్ బొగ్గు గనుల్లోకి దిగితే రాతి పొరలు ఎక్కడ చూసినా ఒకే వరసలో కనిపించాయి. బొగ్గు రవాణాకు కాలువ తవ్వించేటప్పుడు అసలు గుట్టు దొరికింది. ఏ పొరలోని శిలాజాలు ఆ పొరవే. వాటిని చూసి పొరను గుర్తుపట్టవచ్చు.

1799లో కాలువ ఉద్యోగం పోయింది. అయినా పట్టు వదల్లేదు. భూస్వాముల పొలాల్లో మురుగు నీరు పోయే దారులు చూపి, వచ్చిన డబ్బు ప్రయాణాలకే ఖర్చు పెట్టారు. ఏటా వేల మైళ్లు తిరిగారు. 1815లో పటం అచ్చయింది. 15 కాగితాలు కలిపితే ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. రంగులన్నీ చేత్తో అద్దినవే.

పేరు వచ్చింది గాని అప్పు తీరలేదు. దాచుకున్న శిలాజాలను బ్రిటిష్ మ్యూజియంకు అమ్మినా గట్టెక్కలేదు. 1819లో అప్పుల కింద జైలుపాలై సుమారు పది వారాలు గడిపారు. బయటికొచ్చేసరికి ఇల్లు జప్తయింది. 1820లో, ఆయనకు సభ్యత్వం లేని జియలాజికల్ సొసైటీ తన సొంత పటాన్ని తక్కువ ధరకు అమ్మకానికి పెట్టింది. స్మిత్ లండన్ వదిలి ఉత్తరాదిన చిన్నాచితకా సర్వే పనులతో పొట్టపోసుకున్నారు.

ఆలస్యంగానైనా న్యాయం జరిగింది. 1831లో అదే సొసైటీ తన మొట్టమొదటి వొలాస్టన్ పతకాన్ని ఆయనకే ఇచ్చింది. ‘ఇంగ్లండు భూగర్భ శాస్త్ర పిత’ అని అధ్యక్షుడు సెడ్జ్‌విక్ కొనియాడారు. మరుసటి ఏడు ఏటా వంద పౌన్ల పింఛను మంజూరయింది. 1839లో కన్నుమూశారు.

శిలాజాన్ని బట్టి పొర వయసు చెప్పే పద్ధతి మాత్రం నేటికీ నడుస్తూనే ఉంది.