ఆపిన చోటే పాఠం

నల్లబల్ల పక్కన పెద్ద తెర వచ్చింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్, పుస్తకాల సంచిలో ట్యాబ్, ఇంట్లో స్మార్ట్‌ఫోన్. ఇన్ని వచ్చాక తరగతి గదిలో పంతులు పని ఏమిటి? జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే ఒక ఉపాధ్యాయుడి అనుభవాలు, ఆలోచనలు ఈ వారం ముఖచిత్ర కథనం.

పదో తరగతి. రక్తప్రసరణ పాఠం. మా బడికి ఐఎఫ్‌పీ ప్యానెల్ అనే పెద్ద తెర వచ్చిన కొత్త. గుండె పనితీరు మీద ఆరు నిమిషాల వీడియో పెట్టాను. ఎర్ర రంగులో మంచి రక్తం, నీలం రంగులో చెడు రక్తం, తెరుచుకుని మూసుకునే కవాటాలు, వెనక లబ్‌డబ్ చప్పుడు. పిల్లలు రెప్ప వాల్చకుండా చూశారు. అయిపోగానే చప్పట్లు కొట్టారు. ‘ఇంకోసారి సార్’ అన్నారు. నా సర్వీసులో ఇంత మంచి పాఠం ఎప్పుడూ చెప్పలేదనుకుంటూ ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాను.

మర్నాడు ఒకే ప్రశ్న అడిగాను. ఊపిరితిత్తులకు రక్తాన్ని పంపే గది ఏది? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. రంగులు గుర్తున్నాయి. చప్పుడు గుర్తుంది. చివర్లో వచ్చిన సంగీతం కూడా గుర్తుంది. రక్తం నడిచిన దారి మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వీడియో కూడా చక్కగానే ఉంది. ఆ ఆరు నిమిషాలూ నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. వాళ్లతో పాటు నేనూ ప్రేక్షకుణ్ణయ్యాను. లోపం అక్కడుంది.

మళ్లీ ఆ పాఠం మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి మాంసం కొట్లో చెప్పి ఒక మేక గుండె తెప్పించాను. ట్రేలో పెట్టి కోసి, గదుల గోడల మందం పిల్లల వేళ్లతోనే పట్టి చూపించాను. ఆ తర్వాతే వీడియో. జఠరిక ముడుచుకోబోయే క్షణంలో ఆపేశాను. ‘ఇప్పుడిది పిండుకుంటుంది. రక్తం ఎటు పోతుందో నోట్సులో బాణం గీయండి’ అన్నాను.

కొందరు పైకి గీశారు. కొందరు అటూ ఇటూ గీశారు. వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. పొద్దున్నే పొలానికి వెళ్లి మోటారు వేసి బడికొచ్చేవాడు. ‘పిండితే రెండు వైపులా పోవాలి కద సార్’ అన్నాడు. ‘మరి వెనక్కెందుకు పోదు?’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘ఫుట్‌వాల్వు ఉండాలి సార్’ అన్నాడు.

తరగతి మొత్తం అతని వైపు తిరిగింది. బావిలోకి దించిన పైపు చివర ఫుట్‌వాల్వు ఉంటుందని, నీళ్లను పైకి రానిస్తుంది కాని కిందికి జారనివ్వదని, అది లీకైతే మోటారు ఎంత తిరిగినా నీళ్లెత్తదని వాడే చెప్పాడు. ముందు వరసలోంచి ఒక అమ్మాయి ‘గుండెలో వాల్వు లీకైతే?’ అంది. చిన్నప్పుడు గొంతు నొప్పితో మొదలయ్యే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను ఎలా దెబ్బతీస్తుందో అప్పుడు చెప్పాను. అప్పుడు గాని వీడియో ముందుకు కదల్లేదు. ఆరు నిమిషాల వీడియోకు రెండు పీరియడ్లు పట్టాయి. ఆ పాఠం ఇప్పటికీ వాళ్లెవరూ మర్చిపోలేదు.

మెరుపు పదహారు ముక్కలు

ఆరోజు నేను చేసిన పని మీద విద్యా మనోవిజ్ఞానంలో పరిశోధనే జరిగిందని తర్వాత తెలిసింది. అమెరికాలో రిచర్డ్ మేయర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త దశాబ్దాలుగా ఇదే పరిశోధన చేస్తున్నారు. బొమ్మ, మాట కలిసి వచ్చినప్పుడు మనిషి ఎలా నేర్చుకుంటాడన్నది ఆయన విషయం. 2001లో సహ పరిశోధకుడు పాల్ చాండ్లర్‌తో కలిసి మెరుపు ఎలా పుడుతుందో చెప్పే 140 సెకన్ల కదిలే బొమ్మను విద్యార్థులకు చూపించారు. కొందరికి ఏకబిగిన నడిపారు. మరికొందరికి దాన్నే 16 ముక్కలు చేసి ఇచ్చారు. ఒక ముక్క అర్థమయ్యాక, మీట నొక్కితేనే తర్వాతి ముక్క వస్తుంది. ముక్కలుగా చూసినవాళ్లే కొత్త ప్రశ్నలకు మెరుగైన జవాబులు రాశారు.

కారణం కష్టమైనదేమీ కాదు. మనసు ఒక్కసారికి పట్టుకోగలిగేది చాలా కొంచెం. అది నిలిచేలోపే కొత్తది మీద పడితే పాతది జారిపోతుంది. అన్నం ముద్ద మింగకుండానే ఇంకో ముద్ద పెడితే పసిపిల్ల ఉక్కిరిబిక్కిరవుతుందని ప్రతి తల్లికీ తెలుసు. ఆగని వీడియో అలాంటిదే.

ఆకాశం నుంచి దిగిన పాఠాలు

తెర మీద పాఠం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1న ఇస్రో ‘సైట్’ అనే ప్రయోగం మొదలుపెట్టింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఏడాది పాటు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషల్లో తెలుగు ఒకటి. కోళ్ల గూళ్లకు వాడే వలలాంటి జాలీతో చేసిన గొడుగు ఆంటెన్నాలు బిగించారు. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం ఊరంతటికీ కార్యక్రమాలు. 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ పైకి లేచింది. చదువు కోసమే తయారుచేసిన మన తొలి ఉపగ్రహం అది.

తర్వాత 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరి, తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లు పిల్లలకు పాఠాలు మోసుకెళ్లాయి. ఆ కష్టకాలంలో అది చిన్న సేవ కాదు. నేను వారానికి రెండు రోజులు పిల్లల ఇళ్లకు వెళ్లేవాణ్ణి. చాలా ఇళ్లలో ఉన్నది ఒకే ఫోను. పొద్దున్నే తండ్రితో పనికి వెళ్లి చీకటి పడ్డాక తిరిగొచ్చేది. ఆ పిల్లలకు టీవీయే దిక్కు.

ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి నోట్సు చూశాను. చక్కటి చేతిరాత. ప్రతి పేజీలో రెండు మూడు చోట్ల వాక్యం సగంలో ఆగి, ఆపైన ఖాళీ వదిలేసి ఉంది. ఎందుకని అడిగాను. ‘ఇక్కడ టీవీ వెళ్లిపోయింది సార్’ అంది. తాను రాసేలోపు పాఠం ముందుకు పోయిందని దాని అర్థం. ఎవరైనా చెప్తే నింపుకుందామని ఆ ఖాళీలను అలాగే ఉంచింది. నెలల తరబడి ఉంచింది. వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఒక్కొక్క ఖాళీ పూరించాను. తరగతి గదిలో నేను చేయాల్సిన పని ఏమిటో ఆ నోట్సే నాకు చెప్పింది.

అయితే ఆపకుండా చూడాల్సినవీ ఉంటాయి. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండరు చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతం దగ్గర దిగింది. బడి అయిపోయినా పిల్లలెవరూ ఇంటికి కదల్లేదు. తల్లిదండ్రులు కూడా వచ్చి తెర ముందు నిలబడ్డారు. ఆ సాయంత్రం నా నోటి నుంచి ఒక్క మాట రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు. మర్నాడు అదే దృశ్యాన్ని మళ్లీ నడిపి, తెర మీద ఎత్తు, వేగం తగ్గుతున్న చోట్ల ఆపుతూ వచ్చాం. గాలే లేని చోట పారాచూట్ ఎందుకు పనికిరాదో పిల్లలే తేల్చారు.

రోకలి నిలబడింది

2022 అక్టోబరు 25న పాక్షిక సూర్యగ్రహణం. మర్నాడు బడికి వచ్చిన పిల్లలది ఒకటే మాట. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి నిలబెట్టిన రోకలి నిటారుగా నిలబడిందట. గ్రహణం పట్టినప్పుడే నిలబడుతుందట, విడవగానే పడిపోతుందట. అందరి ఇళ్లలోని ఫోన్లకూ అదే వీడియో వచ్చింది. సగం మంది తమ ఇంట్లో కళ్లారా చూశామన్నారు.

అబద్ధమని నేను అనలేదు. చూశామంటున్నవాళ్లతో అలా అంటే వాళ్ల అమ్మానాన్నల్ని తప్పుపట్టినట్టే. ‘మామూలు రోజున ఎవరైనా నిలబెట్టి చూశారా?’ అని మాత్రం అడిగాను. ఎవరూ చూడలేదు. తర్వాతి సోమవారం మూడు రోకళ్లు బడికొచ్చాయి. వరండాలో సిమెంటు చదునుగా ఉన్న చోట వంతులవారీగా ప్రయత్నించారు. పొన్ను బాగున్న రెండు రోకళ్లు నిలబడ్డాయి. అడుగు అరిగి గుండ్రంగా మారినది ఎంతసేపు పట్టుకున్నా నిలవలేదు. అడుగు చదునుగా ఉండి బరువు సరిగ్గా మధ్యలో పడితే రోకలి ఏరోజైనా నిలబడుతుందని వాళ్లకే తెలిసిపోయింది.

దీన్ని వీడియో తీద్దామన్నారు. నా ఫోను ఇచ్చాను. తీయబోతుంటే ఒక పిల్ల ఆపింది. ‘ఇది గ్రహణం రోజున తీసింది కాదని చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?’ అంది. కాసేపు చర్చ జరిగింది. చివరికి హెచ్.ఎం. గారి గదిలోంచి ఆరోజు దినపత్రిక తెచ్చి, తేదీ కనపడేలా రోకలి పక్కన పెట్టి తీశారు. ఆ వీడియో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఒక పాప వాళ్ల నాయనమ్మ ఇంట్లో రోకలి నిలబెట్టి చూసుకుని, నిలబడిందని మనవరాలితో కబురు పంపింది.

మీడియా గురించి ఎన్ని పాఠాలు చెప్పినా ఆ ఒక్క దినపత్రికకు సాటి రావు. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, తేదీకి సాక్ష్యమేమిటి అని అడగడం ఆ పిల్లలు తామే నేర్చుకున్నారు. వీడియో చూసేవాళ్లు తామే వీడియో తీసినప్పుడే ఆ ప్రశ్నలు పుడతాయి.

శబ్దం తీసేసి, తెలుగులో

వీడియోలు ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతాయి. మా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పిల్లవాడు వీడియోలో ‘వాల్వ్’ వింటాడు, పుస్తకంలో ‘కవాటం’ చదువుతాడు, పొలంలో ‘ఫుట్‌వాల్వు’ చూస్తాడు. ఈ మూడూ ఒకటేనని ఎవరో ఒకరు కలిపి చెప్పాలి. నేను పాటించే పద్ధతి ఒకటుంది. మొదటిసారి శబ్దంతో చూపిస్తాను. రెండోసారి శబ్దం తీసేసి, బొమ్మ నడుస్తుండగా ఒక్కొక్కరితో తెలుగులో వ్యాఖ్యానం చెప్పిస్తాను. అర్థమైనవాడికి మాట తడుముకోకుండా వస్తుంది. అర్థం కానిచోట గొంతు ఆగిపోతుంది. ఆ ఆగిన చోటు నుంచే మర్నాటి పాఠం మొదలుపెడతాను.

ఫోను ఎవరి చేతిలో?

పరికరాలు ఇచ్చే విషయంలో ప్రభుత్వాలు వెనకాడలేదు. 2017లో దీక్షా అనే డిజిటల్ పాఠాల వేదిక వచ్చింది, పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 8వ తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు అందాయి. మరి చేతిలోని తెరతో పిల్లలు ఏం చేస్తున్నారు? గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగిన ‘అసర్’ విద్యా సర్వే 2024 నివేదిక చెప్పేది ఇది: స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చినవాళ్లు 82 శాతం. వాళ్లలో అంతకు ముందు వారం చదువు పనికి ఫోను వాడినవాళ్లు 57 శాతం. సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం.

2023లో యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక ఒక హెచ్చరిక చేసింది. సాంకేతికత ఎవరి షరతుల మీద బడిలోకి రావాలని నిలదీసింది. కొద్ది వారాలకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో సెల్‌ఫోన్ల మీద ఆంక్షలు పెట్టింది. పిల్లల చేతిలో, అదీ పాఠం నడిచేటప్పుడు ఫోను ఉండకూడదన్న మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను. బడికి ఒక తెర చాలు. దాని ముందు అందరూ కలిసి కూర్చుని చూడాలి, కలిసి వాదించుకోవాలి.

ఉపాధ్యాయులకు కావాల్సింది కూడా చెప్పాలి. కరెంటు పోయినా ప్యానెల్ ఆగని ఏర్పాటు, చెడిపోతే వారంలో బాగుచేసే మనిషి, వీడియోను ఎక్కడ ఆపి ఏం అడగాలో తోటి టీచర్లతో కలిసి తయారు చేసుకునే తీరిక. ఫొటోలు తీసి యాప్‌లలో ఎక్కించడానికి పోయే పొద్దులో సగం మాకు తిరిగిస్తే ఆ తీరిక దొరుకుతుంది. శిక్షణ తరగతుల్లో మీటలు నొక్కడం నేర్పుతున్నారు. ప్రశ్న వేయడం కూడా అక్కడ నేర్పాలి.

తోటి ఉపాధ్యాయులకు నాలుగు మాటలు

వీడియోను ముందు రోజు మీరొక్కరే రెండుసార్లు చూడండి. ఆపాల్సిన మూడు చోట్లు టీచింగ్ నోట్స్‌లో రాసుకోండి.

చేత్తో తాకి చూడగలిగిన వస్తువు ఉంటే ముందు దాన్నే తెప్పించండి. తెర దాని తర్వాతే.

ఆపిన ప్రతిచోటా పిల్లల చేత బొమ్మ గీయించండి లేదా మాట చెప్పించండి. తప్పు గీసినా చెరిపించకండి. వీడియో నడిచాక వాళ్లే దిద్దుకుంటారు.

నెలకు ఒక్కసారైనా పిల్లల చేత వీడియో తీయించండి. వాళ్ల ఊరి విషయమే తీయించండి.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ఈ రాత్రి మీ అబ్బాయో అమ్మాయో ఫోనులో ఏదైనా చూస్తుంటే లాక్కోకండి. పక్కన కూర్చోండి. మధ్యలో ఒక్కసారి ఆపమని, ‘ఇప్పుడేమవుతుందనుకుంటున్నావు?’ అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి. ఆ తర్వాతే మళ్లీ నడపనివ్వండి.