సముద్రం గట్టున లాగే వల మన కృష్ణ గట్టుకు ఎట్లొచ్చె?

మన కర్నూలు, కడప పిల్లోల్లకు నీళ్లంటే కేసీ కాలవ, వంకలో నాలుగు దినాలు పారే వాన నీళ్లు, లేదంటే ట్యాంకరు. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూసోని పోవల్ల. నేను తొలిసారి చూసింది ఇరవై రెండేండ్లప్పుడు, చీరాల కాడ వాడరేవులో. ఏదో సభకు పోయి, తెల్లారకముందే లేచి గట్టుకు పోయినా.

ఆడ ఇసుక మీద ముప్పై నలబై మంది రెండు వరసల్లో నిలబడి మోకు పట్టుకొని ఎనక్కి నడుస్తాండారు. వరస చివరికి వచ్చినోడు మోకు వదిలేసి మళ్లీ నీళ్ల కాడికి పోయి ముందర పట్టుకుంటాడు. పడవ లోపలికి పోయి వలను సగం చక్రం మాదిరి వదిలి వచ్చిందంట. ఇంగ రెండు కొసలూ గట్టు మీది నుంచే లాగుడు. గంటల లెక్కన లాగుతారు. నేను కూడా ఓ చెయ్యేసినా. అరగంటకే అరచేతులు బొబ్బలెక్కె. వల పేరేందని ఒక ముసలాయన్ను అడిగితే "అలివి" అన్నాడు.

ఆ మాట మర్చిపోయినా. పదేండ్ల తర్వాత మళ్లీ ఇన్న్యా. ఈసారి సముద్రం కాడ కాదు, మన శ్రీశైలం బ్యాక్ వాటర్ గట్టున, సంగమేశ్వరం దిక్కు పోయినప్పుడు. అదే మాదిరి వల, అదే మాదిరి లాగుడు. కానీ గట్టుకు వచ్చిన చేప చూస్తే గుండె జారిపాయ. అన్నీ వేలెడు పిల్లలే. బొచ్చె పిల్లలు, రోహు పిల్లలు. టార్పాలిన్ల మీద పరిచి ఎండబెడతాండారు.

తమ్ముల్లారా, ఈ వల గురించి మీరు వాట్సాప్‌లో శానా చూసింటారు. "కోస్తావోల్లు వచ్చి మన చేపంతా దోచుకుపోతాండారు" అని ఒక వీడియో, "ఆఫీసర్లు అమ్ముడుపాయిరి" అని ఇంగొక వీడియో. కోపం సరే, కానీ కత ఏందో తెల్సుకోని కోపం పడితే ఆ కోపానికి విలువుంటాది. నాకు తెలిసింది చెప్తా.

సముద్రంలో ఆ వలకు ఒక అర్థముంది

గట్టు మీది నుంచి లాగే వల ఒక్క మనోల్లదే కాదు. తమిళోల్లు కరైవలై అంటారు, శ్రీలంకలో మాదెల్ అంటారు. ఒడిశా పూరీలో పెంటకట అనే పేట ఉంది, ఆడ తెలుగు మాట్లాడే మత్స్యకారులు తరాలుగా ఉండారు. బంగాళాఖాతం గట్టు పొడుగునా పెద్ద బోటు కొనలేనోడు, ఇంజను లేనోడు నలుగురితో కలిసి బతికే వల ఇది. వచ్చిన చేపను పడవకింత, వలకింత, చెయ్యి వేసినోల్లకింత అని వాటాలు ఏస్తారు.

ఆ వలకు కండ్లు సన్నగా ఉంటాయి. ఎందుకంటే గట్టు దగ్గరికి గుంపులుగా వచ్చే నెత్తళ్లు, కవళ్లు పుట్టుకతోనే చిన్న జాతులు. నెత్తలి ముసల్దైనా వేలంతే ఉంటాది. దాన్ని పట్టాలంటే సన్న కన్ను వల కావల్ల. అట్లని సముద్రంలో దీనివల్ల నష్టమే లేదని కాదు, పెద్ద జాతుల పిల్లలు కూడా అందులో పడతాయి. ఆడ కూడా వల కన్ను మీద కొట్లాటలు ఉండాయి. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల మీద మత్స్యకారుల మధ్యనే గొడవై పడవలు తగలబడినాయి. అయినా సముద్రంలో చేప పుట్టేదానికి, తప్పించుకునేదానికి జాగా ఉంది.

రిజర్వాయర్‌లో ఆ లెక్క తిరగబడతాది

మన శ్రీశైలం జలాశయంలో బతికేది ముఖ్యంగా బొచ్చె, రోహు, మోసు. ఇవి పెద్ద జాతులు. వేలెడు సైజులో ఉంటే అది ముసల్ది కాదు, నిన్న మొన్న పుట్టిన పిల్ల. పరిగెల మాదిరి చిన్న జాతులు కూడా ఉండాయి, వాటిని పులుసు పెట్టుకుంటే తప్పు లేదు. కానీ దోమతెర మాదిరి వలకు పరిగె ఏదో, బొచ్చె పిల్ల ఏదో తెలీదు. మొత్తం ఊడ్చుకొస్తాది.

రెండో సంగతి, ఈ పెద్ద చేపలు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వానాకాలం కొత్త వరద పారల్ల, ఎదురీదల్ల, అప్పుడే గుడ్లు. ఆ పిల్లలు వరదతో జలాశయంలోకి వస్తాయి. అది చాలక హేచరీల్లో తల్లి చేపకు ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి ప్రభుత్వం జలాశయాల్లో వదులుతాది. అంటే మన పన్నుల దుడ్లతో వదిలిన పిల్లలు అవి.

మూడో సంగతి, నీటి మట్టం. శ్రీశైలం నిండితే 885 అడుగులు. ఎండాకాలానికి ఆ మట్టం పదుల అడుగులు దిగిపోతాది. సంగమేశ్వరం గుడి బయటపడేది అప్పుడే. నీళ్లు తగ్గేకొద్దీ చేప మొత్తం మిగిలిన మడుగుల్లోకి చేరతాది. గట్టేమో బోసిగా, ఒండ్రు పరిచి, లాగేదానికి అనువుగా ఉంటాది. సముద్రంలో నాలుగు మూలలూ ఉరుకుతాది చేప. ఈడ యాడికి పోతాది?

ఒక చిన్న లెక్క ఏసుకోండి. ఇది ఉదాహరణే. పిల్ల 20 గ్రాములనుకుంటే కిలోకు 50 పిల్లలు. ఆ 50 పిల్లలు నీళ్లల్లోనే ఉండి, పదింటిలో ఎనిమిది చచ్చిపోయినాయనే అనుకుందాం. మిగిలింది పది. బొచ్చె బాగా మేస్తే ఏడాదికి కిలోకు దగ్గర పడతాది. అంటే పది కిలోల చేప. ఈ పొద్దు ఒక కిలో పిల్లల్ని ఎండబెడితే చేతికొచ్చేది కిలో కూడా కాదు, గుప్పెడు ఎండు పొట్టు. పది కిలోలు పారేసి గుప్పెడు ఏరుకునే యాపారం ఇది.

ఎవురి నీళ్లు ఇవి?

ఇది చెప్పకుండా ముందుకు పోలేను. శ్రీశైలం డ్యాము కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊర్లు మునిగిపాయ. 1981లో జనాన్ని ఊర్లు ఖాళీ చేయించినప్పుడు నేను అమ్మ సంకలో ఉన్నా. మా జేజి సచ్చేదాకా చెప్పేది, "తలుపులు పీక్కోని బండిలో ఏసుకొని వచ్చినాం, గడప మటుకు పీకలేకపోయినాం" అని.

భూమి పోయినోల్లలో శానా మంది పుట్టీలు ఎక్కినారు. చేప పట్టడం తెలీని రెడ్లు, బోయలు, మాదిగలు కూడా బెస్తోల్ల కాడ నేర్చుకున్నారు. మా చిన్నాయన నైలాన్ వల ఏసేది పాత ఊరి మీదనే. నీళ్ల కింద యాడ గోడుందో, యాడ బాయి ఉందో ఆయనకు తెల్సు. వల గోడకు తగిలితే చిరుగుతాది. ఆ గోడల సందుల్లోనే చేప కాపురముంటాది. "మన ఇండ్లల్లో ఇప్పుడు చేపలు కాపురం చేస్తాండాయి రా" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఎట్లుంటాదో మీకు ఇడమర్చి చెప్పబన్లేదు.

పెద్ద కన్ను వల ఏసి వారానికి నాలుగు దినాలు చేప చూసినోడు, ఇప్పుడు వారానికి ఒక దినం చూస్తాండాడు. ఆయన కొడుకు హైదరాబాదులో సెంట్రింగు పనికి పాయ.

కడప తమ్ములు ఇది మా గొడవ కాదనుకోవద్దు. గండికోట నిండేదానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయ్యింది. సోమశిల డ్యాము నెల్లూరులో ఉన్నా, వెనక నీళ్లు మునిగించింది కడప పల్లెల్నే. మైలవరం, బ్రహ్మంసాగర్, వెలుగోడు, అవుకు, గోరకల్లు... నీళ్లు నిలబడిన ప్రతి చోటా ఈ ప్రశ్న వస్తాది. ఊరు పోగొట్టుకున్నోడికి ఆ నీళ్లల్లో చేప మీదైనా మొదటి హక్కు ఉండొద్దా?

వల ఒకరిది, చేతులు ఇంగొకరివి

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకుంటా. కొన్నేండ్ల కింద ఒకసారి మేము ఇరవై మందిమి కోపంతో ఆ గుడిసెల మీదికి పోయినాం. వలలు గుంజి కాల్చేద్దామని అగ్గిపెట్టె కూడా నా జోబులోనే ఉండె. మొగోల్లు నీళ్లల్లో ఉండారు. గుడిసె ముందర ఒక తల్లి, ఇద్దరు పిల్లోల్లు. శ్రీకాకుళం దిక్కు యాస. "ఏటి సేత్తాం బాబూ, వల మాది కాదు. షావుకారు అడ్వాన్సు ఇచ్చినాడు, అది తీరీదాకా నాగాల. కాల్చేత్తే ఆ బాకీ కూడా మా మీదే ఏత్తాడు" అనింది.

అగ్గిపెట్టె జోబులోనే ఉండిపాయ.

ఆ తర్వాతనే నేను కనుక్కోవడం మొదలుపెట్టినా. సముద్రం పక్కనుండేటోల్లు ఈ కరువు సీమకు చేపలు పట్టేదానికి ఎందుకు వస్తాండారు? శ్రీకాకుళం, విజయనగరం గట్టున పెద్ద బోటు కట్టేసుకునేదానికి హార్బర్లు, జెట్టీలు లేక, పెద్ద బోట్లతో పోటీ పడలేక, గుజరాత్ వెరావల్ దాకా కూలికి పోతారు వాళ్లు. 2018 నవంబర్‌లో అట్లా పోయినోల్లను పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో 20 మంది వాఘా మీదుగా ఇంటికి చేరినారు. మనం పల్లె వదిలి బెంగళూరుకు పోయినట్లే, వాళ్లు గట్టు వదిలి మన గట్టుకు వచ్చినారు. మన కరువూ వాళ్ల కరువూ చుట్టాలే.

అట్లని వలను వదిలేయమని చెప్పడం లేదు. ఆ వల పోవల్ల. కానీ పట్టుకోవాల్సింది లాగే చెయ్యిని కాదు, అడ్వాన్సు ఇచ్చి, వల ఇచ్చి, లారీ పెట్టి ఎండు చేపను తరలించే యాపారిని. వాని పేరు కేసుల్లో రాదు. వలలు సీజు చేస్తారు, ఫొటో దిగుతారు, వారానికి కొత్త వల వస్తాది. పైగా 2014 తర్వాత కృష్ణకు ఇటు గట్టు ఒక రాష్ట్రం, అటు గట్టు ఇంగొక రాష్ట్రం. ఈడ తరిమితే ఆడికి, ఆడ తరిమితే ఈడికి.

చట్టం ఏం చెప్తాది, మనం ఏం చేయొచ్చు

1897 నాటి భారత మత్స్య చట్టం ఇంకా బతికే ఉంది. బాంబులేసి, విషం కలిపి చేప పట్టడం నేరమని అందులోనే ఉంది. ఏ రకం వల వాడాల, కన్ను ఎంత ఉండాల అని నియమం పెట్టే అధికారం కూడా ఆ చట్టమే రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కొత్త చట్టం కావాలని ఎదురు చూడబన్లేదు.

ఇంగొక అన్యాయం చూడండి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 దినాలు మరబోట్ల వేట ఆపేస్తారు, చేప గుడ్లు పెట్టే కాలమని. ఆ దినాలకు సాయంగా 2025 ఏప్రిల్ నుంచి "మత్స్యకార సేవలో" కింద కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తాండారు. మంచిదే, ఇయ్యాల్సిందే. కానీ అది సముద్రపోల్లకే. జలాశయంలో వేట ఆపమంటే మా చిన్నాయన ఏం తినల్ల? పస్తుండే దినాలకు కూలి ఇయ్యకుండా పిల్ల చేపను కాపాడమంటే ఎవురింటారు?

చేయగలిగిన పనులు నాలుగు చెప్తా.

ఒకటి, సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు 10 రూపాయల ఫీజుతో రాయండి. మన జలాశయంలో ఏ తేదీన, యాడ, ఏ జాతి పిల్లలు ఎన్ని వదిలినారు? ఎంత సైజువి? లైసెన్సులు ఎన్ని, అందులో ముంపు ఊర్లోల్లవి ఎన్ని? సీజు చేసిన వలలు ఎన్ని, కేసు ఎవురి మీద? 30 దినాల్లో జవాబియ్యల్ల.

రెండు, పిల్లల్ని వదిలే దినం ఊరోల్లు ముందర నిలబడల్ల. లారీలో వచ్చింది ఎంత, నీళ్లల్లో పడింది ఎంత అని ఫోన్‌లో తీయండి. రీల్స్ తీసే చెయ్యికి ఇంతకంటే మంచి పని ఏముంది?

మూడు, సంఘం. ముంపు ఊర్ల పిల్లోల్లు, ఆడోల్లతో సహా మత్స్య సహకార సంఘాల్లో చేరల్ల. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడోల్లకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావోల్లకు 40 శాతం దాకా సబ్సిడీ ఉంది. ఐసు పెట్టెలున్న బండి ఒకటి ఊర్లో ఉంటే, గట్టు కాడ దళారి చెప్పిన రేటుకు తల వంచే పని తప్పుతాది.

నాలుగు, కొనేటప్పుడు చూడండి. వేలెడు బొచ్చె పిల్ల సంతలో కనపడితే కొనొద్దు. అమ్మే అక్కతో కొట్లాడొద్దు, ఎందుకు వద్దో చెప్పండి.

పోయిన ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు చిన్నాయనతో కలిసి పాత ఊరికి పోయినా. బురదలో మా ఇంటి గడప బయటపడింది. పక్కనే చిన్న గుంతలో నీళ్లు, అందులో బొచ్చె పిల్లలు పది పన్నెండు ఇరుక్కుని కొట్టుకుంటాండె. డెబ్బై ఏండ్ల మనిషి వంగి, దోసిట్లో వాటిని పట్టుకొని, రెండు మూడు సార్లు తిరిగి పెద్ద నీళ్లల్లో వదిలినాడు. "ఇవి పెద్దయ్యేసరికి నేనుంటానో లేనో" అన్నాడు. వల మటుకు ఇంకా భుజం మీదనే ఉండె.

ఆయన ఉన్నా లేకున్నా, అవి పెద్దయ్యేటట్లు చూసే పని మనది.