పట్టాలకు ముందు పరిశీలన

అమెరికా రాజధానియగు వాషింగ్టన్ నగరమునకు పొరుగున మేరీలాండు రాష్ట్రము కలదు. అచట బెథెస్డా మొదలు న్యూ కారొల్టన్ వరకు సుమారు 26 కిలోమీటర్ల పొడవున, 21 స్టేషన్లతో, పర్పుల్ లైన్ అను తేలికపాటి విద్యుత్ రైలుదారిని నిర్మింప సంకల్పించిరి. బస్సులలో కాలము కోల్పోవువారికి అది మేలైన సాధనమే. కాని దానిలో కొంతభాగము 1985 వరకు గూడ్సుబండ్లు నడచిన పాతమార్గము. బండ్లు నిలిచిన పిదప అచట చెట్లు గుబురుగా పెరిగెను. జనులు ఆ నీడలో నడచుచు, సైకిళ్లు త్రొక్కుచుండిరి. రైలు రావలెనన్న ఆ చెట్లు పోవలెను.

ఇట్టి పనికి కేంద్రప్రభుత్వ ధనము కోరినచో, 1970లో అమలునకు వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టమును పాటింపవలెను. చిత్తునివేదికను ప్రజల యెదుట నుంచి, వారి ఆక్షేపణలకు సమాధానములు చేర్చి, తుదినివేదిక వెలువరింపవలెను, ఆపైననే అనుమతి. ఇందొక విశేషము కలదు. చెట్టును కొట్టరాదని ఈ చట్టము శాసింపదు. కొట్టినచో కలుగు నష్టమెంతయో, వేరు మార్గమున్నదో లేదో ముందుగా చూచి చెప్పుమని మాత్రమే అడుగును.

పర్పుల్ లైనునకు 2014లో అనుమతి లభించెను. చెట్లబాటను కాపాడగోరినవారు న్యాయస్థానము నాశ్రయించిరి. ఈ దారి వాషింగ్టన్ మెట్రోతో కలియును గదా, ఆ మెట్రోలో ప్రయాణికులు తగ్గుచుండగా పాత అంచనాలు నిలుచునా యని అధికారులు చక్కగా విచారింపలేదని 2016లో న్యాయమూర్తి అనుమతిని రద్దుచేసెను. 2017 జూలైలో పై న్యాయస్థానము దానిని పునరుద్ధరించెను. మరుసటి నెలలోనే పని ఆరంభమయ్యెను. బాట మూయబడెను, చెట్లు కూలెను.